గృహనిర్మాణంలో ఇటుక, మాలు అంచనా: స్థిరాంకాల పరిమితి, కొలతల ప్రాధాన్యం

వ్యాస సంగ్రహం:

ఘనపు మీటరు గోడకు 500 ఇటుకలు పడతాయన్న సంఖ్య పాఠ్యగ్రంథాల నుంచి నిర్మాణస్థలం వరకు విస్తృతంగా వాడుకలో ఉంది. ఒక ప్రత్యేక పరిమాణం గల ఇటుకకు, ఒక ప్రత్యేకమైన కొలత పద్ధతికి మాత్రమే వర్తించే ఈ సంఖ్యను అన్ని ఇటుకలకూ స్థిరాంకంగా వాడటం వల్ల అంచనాలు తప్పుతున్నాయి. చేతిలోని ఇటుకను కొలిచి, గోడను కట్టిన తీరులో వరుసల వారీగా లెక్కించడమే నమ్మదగిన మార్గమని ఈ వ్యాసం ఒక రెండు గదుల ఇంటి ఉదాహరణతో వివరిస్తుంది. మాలు పరిమాణం, సిమెంటు బస్తాల సంఖ్య, తడి ఇసుక ఉబ్బు వల్ల వచ్చే తేడా కూడా ఇందులో చర్చకు వస్తాయి.

ముఖ్య పదాలు: ఇటుక, మాలు, అంచనా, గోడ కట్టుబడి, ఇసుక ఉబ్బు, తాపీ పని.

1. ప్రవేశిక:

సంస్కృతంలోని ‘ఇష్టక’ ప్రాకృతం మీదుగా తెలుగులో ‘ఇటుక’ అయింది. ఇటుక పేర్చే పనివాడిని పిలిచే ‘మేస్త్రి’ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. ఇసుక, సిమెంటు, నీరు కలిపిన ముద్దను తాపీ పనివారు ‘మాలు’ అంటారు. గోడ కట్టుబడికి సంబంధించిన ఈ పదజాలం ఎంత పాతదో, ఆ గోడకు ఏ సామగ్రి ఎంత కావాలన్న ప్రశ్న కూడా అంత పాతదే.

తెలుగు ప్రాంతాలలో సొంత ఇల్లు కట్టుకొనేవారు సాధారణంగా రెండు పద్ధతులలో ఒకదాన్ని అనుసరిస్తారు. సామగ్రితో సహా పని మొత్తాన్ని గుత్తకు ఇవ్వడం మొదటిది. సామగ్రిని తామే కొని, పనిని మాత్రం కూలి గుత్తకు ఇవ్వడం రెండవది. రెండవ పద్ధతిలో అంచనా తప్పితే ఆ భారమంతా ఇంటి యజమానిదే. ఇటుకలు చాలకపోతే మరో బట్టీ నుంచి, మరో పరిమాణంలో తెప్పించవలసి వస్తుంది. అప్పుడు వరుసల ఎత్తు కుదరదు. సిమెంటు అనుకొన్నదానికంటే ముందే అయిపోతే మాలు పలుచబడుతుంది, లేదా మేస్త్రిపై అనుమానం మొదలవుతుంది. చాలా సందర్భాలలో లోపం మనిషిలో కాక లెక్కలో ఉంటుంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో విడమరచి చూపడమే ఈ వ్యాస లక్ష్యం.

2. ఇటుక: పేరులోని కొలత, చేతిలోని కొలత

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1077 కాల్చిన మట్టి ఇటుకలకు రెండు రకాల పరిమాణాలను గుర్తిస్తుంది. మాడ్యులర్ ఇటుక 190×90×90 మి.మీ. లేదా 190×90×40 మి.మీ. ఉంటుంది. సంప్రదాయ పరిమాణానికి దగ్గరగా ఉన్న నాన్ మాడ్యులర్ ఇటుక 230×110×70 మి.మీ. లేదా 230×110×30 మి.మీ. ఉంటుంది. ‘తొమ్మిది, నాలుగు, మూడు’ అని అంగుళాలలో వ్యవహరించే బూడిద ఇటుక సుమారు 230×100×75 మి.మీ. వస్తుంది. చిన్న బట్టీలలో చేతి అచ్చులతో పోసిన ఇటుకలు వీటిలో దేనికీ సరిపోకపోవచ్చు. పచ్చి ఇటుక ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. మట్టి స్వభావాన్ని బట్టి ఆ కుదింపు మారుతుంది కనుక, ఒకే అచ్చు వాడినా రెండు ఊళ్ల ఇటుకలు ఒకే కొలతకు రాకపోవడం సహజం.

అందువల్ల ఒక్క ఇటుకను కొలిస్తే చాలదు. ప్రమాణపత్రం సూచించిన పద్ధతి సులభమైనది: కుప్పలోంచి ఏరకుండా 20 ఇటుకలు తీసి, సమతలంపై ఒకదానికొకటి ఆనించి వరుసగా పేర్చి, మొత్తం నిడివిని టేపుతో కొలవాలి. 230 మి.మీ. ఇటుకలైతే ఈ నిడివి 4520 నుంచి 4680 మి.మీ. మధ్య ఉండాలి. వెడల్పు దిశలో పేర్చినప్పుడు 2160 నుంచి 2240, ఎత్తు దిశలో 1360 నుంచి 1440 మి.మీ. ఉండాలి. మొత్తాన్ని 20తో భాగిస్తే సగటు కొలత తెలుస్తుంది. అంచనాకు ఆధారం కావలసింది అమ్మకందారు చెప్పిన సంఖ్య కాదు, ఈ సగటు.

ఇటుక కొలతల మధ్య ఉండే నిష్పత్తి కూడా ముఖ్యమే. పొడవు రెండు వెడల్పులకు, వాటి మధ్య సందుకు సమానమైతేనే గోడ వెంట పొడవుగా పెట్టిన ఇటుకలు, గోడకు అడ్డంగా పెట్టిన ఇటుకలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. 110+10+110 అంటే 230. నాన్ మాడ్యులర్ ఇటుక ఈ నియమాన్ని పాటిస్తుంది. సింధు నాగరికత నగరాలలోని కాల్చిన ఇటుకలలో కనిపించే 4:2:1 నిష్పత్తిలోనూ పొడవు వెడల్పుకు రెట్టింపే. 230×100×75 ఇటుకలో మాత్రం రెండు వెడల్పులు, సందు కలిపి 210 మి.మీ. మాత్రమే అవుతాయి. తొమ్మిదంగుళాల గోడలో ఆ మిగిలిన 20 మి.మీ. మాలుతోనే నిండుతుంది. అందుకే ఈ ఇటుకతో కట్టేటప్పుడు మాలు ఎక్కువ ఖర్చవుతుంది.

3. ఘనపు మీటరుకు ఎన్ని ఇటుకలు?

వాడుకలో ఉన్న సూత్రం ఇది: ఇటుక మూడు కొలతలకూ 10 మి.మీ. చొప్పున సందు కలిపి, వచ్చిన ఘనపరిమాణంతో ఒక ఘనపు మీటరును భాగించాలి. మాడ్యులర్ ఇటుక సందుతో కలిపి 200×100×100 మి.మీ., అంటే 0.002 ఘ.మీ. అవుతుంది. దానితో భాగిస్తే 500 వస్తుంది. ప్రసిద్ధమైన ఆ సంఖ్య ఇక్కడ పుట్టింది. అదే సూత్రంతో నాన్ మాడ్యులర్ ఇటుకకు 240×120×80 మి.మీ., అంటే 0.002304 ఘ.మీ. వస్తుంది. ఘనపు మీటరుకు 434 ఇటుకలు. రెండింటి మధ్య తేడా 66. కాబట్టి 500 అన్నది ఇటుక కట్టుబడికి స్థిరాంకం కాదు, ఒక ఇటుక కొలతకు వచ్చిన ఫలితం మాత్రమే.

ఈ సూత్రంలో అంతగా గమనానికి రాని మరో లోపం ఉంది. గోడ మందం దిశలో రెండు ఇటుకలకు రెండు సందులను సూత్రం లెక్కిస్తుంది. వాస్తవంలో తొమ్మిదంగుళాల గోడలో మందం దిశలో ఒకే సందు ఉంటుంది. గోడ బయటి ముఖంపై సందు ఉండదు. అందువల్ల సూత్రం 240 మి.మీ. గోడను ఊహిస్తుంది, మేస్త్రి 230 మి.మీ. గోడ కడతాడు. 230 మి.మీ. మందంతో ఘనపరిమాణం తీసి 434తో గుణిస్తే ఇటుకలు తక్కువపడటం అనివార్యం.

దీనికి పరిష్కారం గోడ ముఖాన్ని చదరపు మీటర్లలో లెక్కించడం. ముఖంపై ఒక ఇటుక, దాని సందులు కలిపి ఆక్రమించే చోటు 0.24×0.08 మీ. ఒక ఇటుక మందం గల గోడలో ఆ చోటు వెనుక మరో ఇటుక ఉంటుంది. కనుక చదరపు మీటరుకు 2÷(0.24×0.08), అంటే 104.17 ఇటుకలు కావాలి. అడ్డ ఇటుకల వరుసలోనూ ఇదే సంఖ్య వస్తుంది, ఎందుకంటే 120 మి.మీ. చొప్పున రెండు అడ్డ ఇటుకలు 240 మి.మీ. నిడివిని నింపుతాయి. దీనిని 0.23తో భాగిస్తే ఘనపు మీటరుకు 453 వస్తుంది. అడుగులలో చెప్పాలంటే వంద చదరపు అడుగుల తొమ్మిదంగుళాల గోడకు సుమారు 968 ఇటుకలు. ఈ కొలమానం మేస్త్రికి, యజమానికి ఇద్దరికీ వెంటనే అర్థమవుతుంది.

మాడ్యులర్ ఇటుకకు 500 సరిపోవాలంటే గోడ మందాన్ని 190 అని కాక నామమాత్రపు 200 మి.మీ. అని తీసుకోవాలి. 190 మి.మీ. మందంతో ఘనపరిమాణం తీస్తే ఘనపు మీటరుకు 526 ఇటుకలు అవసరమవుతాయి. సగం ఇటుక మందం గల అడ్డుగోడ విషయంలో లోపం ఇంకా పెద్దది. 110 మి.మీ. గోడకు 434 సూత్రం చదరపు మీటరుకు 48 ఇటుకలనే ఇస్తుంది, వాస్తవ అవసరం 52. నిర్మాణ పనుల కొలతలకు సంబంధించిన ఐ.ఎస్. 1200 ప్రమాణం సగం ఇటుక గోడను చదరపు మీటర్లలోనే కొలవమంటుంది.

4. గోడల నిడివి: మూలల దగ్గర జరిగే పొరపాటు

ఉదాహరణకు పక్కపక్కన ఉన్న రెండు గదుల ఇంటిని తీసుకోవచ్చు. ఒక్కో గది లోపలి కొలత 3.60×3.00 మీ., గోడలన్నీ 230 మి.మీ. మందం, గోడ ఎత్తు 3.00 మీ. పునాది, బేస్‌మెంటు, పిట్టగోడ ఈ లెక్కలో లేవు.

ఇంటి బయటి నిడివి 3.60+3.60 మీటర్లకు మూడు గోడల మందం కలిపితే 7.89 మీ. బయటి వెడల్పు 3.46 మీ. పొడవు గోడలు రెండింటినీ బయటి కొలతతో తీసుకొంటే 15.78 మీ. అడ్డంగా ఉన్న మూడు గోడలను మాత్రం లోపలి కొలతతో, అంటే 3.00 మీ. చొప్పున తీసుకోవాలి. అది 9.00 మీ. మొత్తం 24.78 మీ.

మధ్యరేఖ పద్ధతిలోనూ ఇదే ఫలితం రావాలి. పొడవు గోడల మధ్యరేఖ 7.66 మీ. చొప్పున రెండు, అడ్డగోడల మధ్యరేఖ 3.23 మీ. చొప్పున మూడు, మొత్తం 25.01 మీ. నడిమి గోడ రెండు చివరలా బయటి గోడలను కలిసే చోట సగం మందం, అంటే 0.115 మీ. చొప్పున తీసివేస్తే 24.78 మీ. మిగులుతుంది. రెండు పద్ధతుల ఫలితాలు కలిస్తేనే నిడివి సరైనదని నిశ్చయించుకోవాలి.

అన్ని గోడలకూ బయటి కొలతే వాడితే 26.16 మీ. వస్తుంది. మూలలు రెండుసార్లు లెక్కకు రావడమే దీనికి కారణం. ఆ 1.38 మీ. అదనపు నిడివి ఇంత చిన్న ఇంటిలోనే సుమారు 431 ఇటుకలను అనవసరంగా కొనిపిస్తుంది.

5. తెరపుల తీసివేత, ఇటుకల సంఖ్య

గోడల మొత్తం ముఖం 24.78×3.00, అంటే 74.34 చ.మీ. ఇందులో 1.00×2.10 మీ. తలుపులు రెండు (4.20 చ.మీ.), 1.20×1.20 మీ. కిటికీలు నాలుగు (5.76 చ.మీ.) ఉన్నాయనుకొందాం. ప్రతి తెరపుపై 150 మి.మీ. ఎత్తు గల కాంక్రీటు లింటెల్ ఇరువైపులా 150 మి.మీ. చొప్పున గోడలోకి వెళుతుంది. లింటెళ్లు ఆక్రమించే చోటు 1.29 చ.మీ. మొత్తం తీసివేత 11.25 చ.మీ. మిగిలిన ముఖం 63.09 చ.మీ., ఘనపరిమాణం 14.51 ఘ.మీ.

కావలసిన ఇటుకలు: 63.09×104.17 = 6572. 434 సూత్రంతో 6298 మాత్రమే వచ్చి 274 తక్కువపడతాయి. 500 సూత్రంతో 7255 వచ్చి 683 మిగులుతాయి. తెరపులను తీసివేయకపోతే 7744 అవుతాయి. ఒకే ఇంటికి ఇన్ని రకాల సంఖ్యలు రావడానికి కారణం గణితంలోని సంక్లిష్టత కాదు, ఏది కొలిచారో ఏది ఊహించారో విడదీయకపోవడం.

ఐ.ఎస్. 1200 ప్రకారం 0.1 చ.మీ. వరకు ఉన్న చిన్న తెరపులకు తీసివేత చేయనక్కరలేదు. అయితే ఇది పని కొలతకు, చెల్లింపుకు ఉద్దేశించిన నియమం. చిన్న తెరపు చుట్టూ ఇటుక నరకడానికి పట్టే శ్రమ ఆ మినహాయింపులో ఇమిడి ఉంటుంది. సామగ్రి కొనుగోలు అంచనాను, కూలి చెల్లింపు కొలతను ఒకే కాగితంపై కలిపివేయడం తగాదాలకు దారితీస్తుంది.

ఇటుక ఎత్తులో చిన్న తేడా కూడా లెక్కను మార్చివేస్తుంది. 70 మి.మీ. బదులు 65 మి.మీ. ఎత్తు గల ఇటుక వస్తే వరుస ఎత్తు 80 నుంచి 75 మి.మీ.కు తగ్గుతుంది. మూడు మీటర్ల గోడకు 37.5 వరుసల చోట 40 వరుసలు కావాలి. పై ఇంటికి ఇటుకలు 7010 అవుతాయి, 438 అదనం. ఇటుక ధర తక్కువని సంతోషించేముందు దాని ఎత్తు చూడవలసిన అవసరాన్ని ఈ సంఖ్య చెబుతుంది.

6. మాలు పరిమాణం

గోడ ఘనపరిమాణంలోంచి ఇటుకల ఘనపరిమాణం తీసివేస్తే మిగిలేది మాలు. ఒక ఇటుక 0.001771 ఘ.మీ. కనుక 6572 ఇటుకలు 11.64 ఘ.మీ. అవుతాయి. మిగిలిన 2.87 ఘ.మీ. సందులలోని మాలు. ఇటుకపై బట్టీ ముద్ర ఉండే గుంటను పైకి పెట్టి కడతారు కనుక అదీ మాలుతో నిండుతుంది. గుంట 100×40×10 మి.మీ. ఉంటే మొత్తం మీద 0.26 ఘ.మీ. కలుస్తుంది. ఈ 3.13 ఘ.మీ.కు కిందపడి పోయేది, తట్టలలో మిగిలిపోయేది పది శాతం చేర్చితే 3.44 ఘ.మీ.

సిమెంటు, ఇసుక పొడిగా కొలిచినప్పటి మొత్తం కలిపిన తరువాత తగ్గుతుంది. సిమెంటు రేణువులు ఇసుక సందులలో ఇమిడిపోవడం, నీటితో ముద్ద దగ్గరపడటం దీనికి కారణాలు. అందువల్ల తడి మాలును 1.33తో గుణించి పొడి పరిమాణం తీయడం వాడుక. 3.44×1.33 = 4.575 ఘ.మీ. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక మిశ్రమంలో మొత్తం ఏడు పాళ్లు. సిమెంటు 0.654 ఘ.మీ., ఇసుక 3.92 ఘ.మీ. ఘనపు మీటరుకు 1440 కి.గ్రా. చొప్పున సిమెంటు 941 కి.గ్రా., అంటే 19 బస్తాలు. ఇసుక సుమారు 138 ఘనపుటడుగులు.

ఈ ఫలితాన్ని మరో ఆధారంతో సరిచూడవచ్చు. కేంద్ర ప్రజాపనుల విభాగం ధరల విశ్లేషణలో 1:6 మాలు ఒక ఘనపు మీటరుకు 250 కి.గ్రా. సిమెంటు, 1.07 ఘ.మీ. ఇసుక తీసుకొంటారు. ఆ లెక్కన 860 కి.గ్రా. సిమెంటు, 3.68 ఘ.మీ. ఇసుక చాలు. కాబట్టి వాస్తవ అవసరం 17 నుంచి 19 బస్తాల మధ్య ఉంటుందని, 1.33 గుణకం కొంత జాగ్రత్త వైపు మొగ్గుతుందని గ్రహించవచ్చు.

సందు మందం పెరిగితే ఇటుకలు తగ్గి మాలు పెరుగుతుంది. పడక సందు 10 బదులు 15 మి.మీ. అయితే ఇటుకలు 6185కు తగ్గుతాయి. సందులలోని మాలు మాత్రం 2.87 నుంచి 3.56 ఘ.మీ.కు, అంటే దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. వంకర ఇటుకలతో కట్టినప్పుడు వరుస మట్టం కుదర్చడానికి మేస్త్రి సందులను పెంచక తప్పదు. నాసిరకపు ఇటుకపై మిగిల్చిన సొమ్ము ఈ విధంగా సిమెంటు రూపంలో తిరిగి ఖర్చవుతుంది, మందపాటి సందుల వల్ల గోడ బలమూ తగ్గుతుంది.

7. ఇసుక ఉబ్బు: కనిపించని లోటు

కొద్దిగా తడిసిన ఇసుకలో రేణువుల చుట్టూ నీటిపొర ఏర్పడి వాటిని ఎడం చేస్తుంది. అందువల్ల అదే బరువు గల ఇసుక ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పూర్తిగా నీట మునిగినప్పుడు ఆ ఉబ్బు పోయి మళ్లీ పొడి ఇసుక పరిమాణానికి వస్తుంది. ఈ గుణమే పరీక్షకు ఆధారం. నిలువు గాజుపాత్రలో ఇసుకను 200 మి.మీ. ఎత్తు పోసి, దానిని బయటకు తీసి, అదే పాత్రలో నీటిలోకి తిరిగి పోసి కలిపి నిలవనివ్వాలి. పేరుకొన్న ఎత్తు 160 మి.మీ. ఉంటే ఉబ్బు 40÷160, అంటే 25 శాతం.

ఇంత ఉబ్బిన ఇసుకను ఆరు పాళ్లు కొలిచి పోస్తే అందులో అసలు ఇసుక 4.8 పాళ్లే ఉంటుంది. మాలు అనుకొన్నదానికంటే గట్టిదే అవుతుంది, కానీ అదే గోడకు సిమెంటు 941 కి.గ్రా. బదులు సుమారు 1136 కి.గ్రా., అంటే 19 బస్తాల చోట 23 బస్తాలు పడతాయి. ఇటువంటి చోటే నాలుగు బస్తాలు ఏమయ్యాయన్న ప్రశ్న పుడుతుంది. సమాధానం ఇసుక కుప్పలోనే ఉంటుంది. 25 శాతం ఉబ్బు ఉన్న ఇసుకను ఏడున్నర పాళ్లు వేస్తేనే అది నిజమైన 1:6 మిశ్రమం. కొనుగోలులోనూ ఇదే జాగ్రత్త అవసరం: 138 ఘనపుటడుగుల పొడి ఇసుకకు బదులు తడి ఇసుకైతే సుమారు 173 ఘనపుటడుగులు తెప్పించాలి.

కొలత స్థిరంగా ఉండటానికి కొలతపెట్టె ఉపయోగపడుతుంది. లోపల 35×25×40 సెం.మీ. ఉన్న పెట్టెలో 0.035 ఘ.మీ. పడుతుంది. 50 కి.గ్రా. సిమెంటు బస్తా ఘనపరిమాణం దాదాపు అదే. ఒక బస్తాకు ఆరు పెట్టెల ఇసుక అన్నది ఎవరైనా సరిచూడగల లెక్క. తట్టలతో కొలిచినప్పుడు తట్ట నింపే చేతిని బట్టి నిష్పత్తి మారుతుంది.

8. వృథా, కొనుగోలు క్రమం

రవాణాలో, దింపేటప్పుడు కొన్ని ఇటుకలు విరుగుతాయి. మూలలలో, తెరపుల అంచులలో కొన్నింటిని నరకవలసి ఉంటుంది. ఆ ముక్కలలో కొన్ని తిరిగి గోడలోనే వాడుకకు వస్తాయి. ఐదు శాతం వృథా చేర్చితే పై ఇంటికి 6900 ఇటుకలు. ఈ వృథాను ఇటుకల సంఖ్యకు ఒక్కసారే చేర్చాలి. నిడివిలో కొంత, తెరపులలో కొంత, చివర మరికొంత చేర్చుతూ పోతే ఏది అవసరమో ఏది జాగ్రత్తో తెలియకుండా పోతుంది.

ఇటుకలు ఒకే బట్టీ నుంచి, వీలైతే ఒకే విడతలో తెప్పించడం మేలు. సిమెంటు విషయంలో దీనికి విరుద్ధంగా, పని సాగేకొద్దీ విడతలుగా కొనడమే మంచిది, నిల్వలో తేమ తగిలి అది బలం కోల్పోతుంది. మట్టి ఇటుకలను కట్టేముందు బాగా తడపాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చుకొంటే సందు పట్టు తప్పుతుంది. అప్పుడు లెక్క ఎంత సరైనదైనా ప్రయోజనం ఉండదు.

మొదటి మీటరు ఎత్తు కట్టిన తరువాత వాడిన ఇటుకలను, బస్తాలను అంచనాతో పోల్చడం చివరి సరిచూపు. అప్పటికి తేడా బయటపడితే దిద్దుకోవడానికి ఇంకా అవకాశం ఉంటుంది.

9. ముగింపు:

ఘనపు మీటరుకు ఇన్ని ఇటుకలు, ఇన్ని బస్తాలు అన్న సంఖ్యలు ఒకనాడు ఎవరో ఒక ఇటుకను, ఒక గోడను కొలిచి రాసిపెట్టిన ఫలితాలు. ఆ ఇటుక మారినప్పుడు సంఖ్య కూడా మారాలి. ఇరవై ఇటుకల కొలత, మూలలను ఒక్కసారే లెక్కించిన నిడివి, తెరపుల తీసివేత, చదరపు మీటరు వారీ వరుసల లెక్క, ఇసుక ఉబ్బు పరీక్ష అన్న ఐదు పనులు చేయడానికి ఒక టేపు, ఒక గాజుపాత్ర, కొద్దిపాటి గుణకారం చాలు. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో, పాలిటెక్నిక్ తరగతులలో అంచనా పాఠం 500 అన్న సంఖ్యతో కాక ఇటుకను కొలవడంతో మొదలైతే విద్యార్థికి సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది.

పని మొదలుకాకముందే యజమాని, మేస్త్రి కలిసి కొలిచి రాసుకొన్న కాగితం సామగ్రి పట్టికగా మాత్రమే మిగలదు. ఇటుక తక్కువపడినా, బస్తా ఎక్కువ ఖర్చయినా కారణాన్ని వెదకడానికి ఇద్దరూ ఒప్పుకొన్న ఆధారం అదే అవుతుంది.